స్పెయిన్ చిన్న ఊళ్లో ఉద్యోగం: ముందు పనివేళలు అడగండి

ప్రశ్న: నమస్కారం మేడమ్. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి ఒక వంటనూనెల కంపెనీ ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. దక్షిణ స్పెయిన్‌లో, హయెన్ జిల్లా బయేసాలోని ఒక ఆలివ్ నూనె కంపెనీ నాకు నాణ్యత పరీక్షల విభాగంలో ఉద్యోగం ఇస్తానంది. జీతం ఏడాదికి 22,400 యూరోలు, 14 విడతలుగా ఇస్తారట. సెప్టెంబరులో చేరమంటున్నారు. బయేసా ప్రశాంతమైన ఊరనీ, మధ్యాహ్నం అందరూ నిద్రపోతారనీ, జీవితం తీరికగా సాగుతుందనీ విన్నాను. నన్ను ఆకర్షించింది అదే. నాన్నగారు మాత్రం "మాడ్రిడ్ అయితే సరే, పదహారు వేల జనాభా ఉన్న ఊరికి వెళ్లి ఏం చేస్తావు?" అంటున్నారు. నా స్పానిష్ అంతంతమాత్రం. వెళ్లమంటారా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: వెళ్లమంటాను. అయితే మీరు చెప్పిన కారణానికి కాదు.

బయేసాకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉబెదాలో నేను కొన్నేళ్లు ఒక నూనె సహకార సంఘంలో లెక్కలు చూశాను. ఆ తీరిక ఎలాంటిదో దగ్గర నుంచి చూసినదాన్ని. మహానగరంలో ఒక దుకాణం మూసేస్తే ఇంకొకటి ఉంటుంది, ఒక బస్సు తప్పితే వెనకాలే మరొకటి వస్తుంది. చిన్న ఊళ్లో ప్రతి పనికీ ఒక వేళ ఉంటుంది. అది దాటితే ఇక మర్నాడే. దుకాణాలు మధ్యాహ్నం రెండింటికి మూస్తే మళ్లీ అయిదు, అయిదున్నరకు తెరుస్తారు. ఆదివారం సరుకులు దొరకడం కష్టం. సాయంత్రం ఆరింటికి ఆకలేసి భోజనశాలకు వెళితే కాఫీ ఇస్తారు గానీ, రాత్రి ఎనిమిదిన్నర దాటందే పొయ్యి వెలిగించరు. మునిసిపల్ కార్యాలయంలో పని ఉంటే పొద్దున్నే చూసుకోవాలి. చౌరస్తాలో కాఫీ ముందు పెట్టుకుని అరగంట కదలకుండా కూర్చున్న పెద్దాయన్ను చూసి మనం ముచ్చటపడతాం. ఏ పని ఏ వేళకు చేసుకోవాలో ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు, అందుకే అలా కూర్చోగలుగుతున్నాడు. మీకు ఆ తీరిక దిగీదిగగానే రాదు. మొదటి కొన్ని నెలలు ఊరందరికంటే ఎక్కువ పరుగులు పెట్టేది మీరే.

అందుకే కంపెనీని మొట్టమొదట పనివేళల గురించి అడగండి. అక్కడ రెండు పద్ధతులున్నాయి. ఒకటి, పొద్దున తొమ్మిది నుంచి రెండు దాకా, మళ్లీ సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా. రెండోది, ఎనిమిది నుంచి మూడు దాకా ఏకబిగిన. మొదటిదైతే మీ జీవితమంతా ఆ మధ్యాహ్నపు మూడు గంటల చుట్టూ తిరుగుతుంది. నూనె కంపెనీలు తరచూ ఊరి చివర పారిశ్రామికవాడలో ఉంటాయి. నడిచి ఇంటికి వెళ్లలేకపోతే ఆ మూడు గంటలూ అక్కడే గడపాలి. జూలైలో అయితే బయట నలభై డిగ్రీల ఎండ. ఇల్లు దగ్గరైతే మాత్రం అవి బంగారం లాంటి గంటలు. వండుకుంటారు, తింటారు, అమ్మానాన్నలతో మాట్లాడతారు. వేసవిలో మనకూ స్పెయిన్‌కూ మూడున్నర గంటల తేడా, చలికాలంలో నాలుగున్నర. అక్కడి మధ్యాహ్నం రెండున్నర ఇక్కడి సాయంత్రం ఆరో, ఏడో. రాత్రి ఎనిమిదికి పని ముగించుకుని ఫోను చేద్దామనుకుంటే ఇక్కడ అర్ధరాత్రి కావస్తుంటుంది. ఇక నిద్ర సంగతంటారా, ఆ వేళలో నిద్రపోయేవాళ్లకంటే వంట చేస్తూ, పిల్లలకు అన్నం పెడుతూ ఉండేవాళ్లనే నేను ఎక్కువగా చూశాను.

ఇంకో సంగతి. హయెన్ జిల్లాలో ఆరు కోట్లకు పైగా ఆలివ్ చెట్లున్నాయి. చూపు ఆనినంత మేరా, కొండల మీద కూడా, వరుసలు తీరి అవే. వాటి కాయల్లో ఎక్కువ భాగం నవంబరు నుంచి జనవరి లోపు కోతకు వస్తాయి. ఆ రోజుల్లో మిల్లులు రాత్రింబవళ్లు నడుస్తాయి. చీకటి పడేసరికి కాయల ట్రాలీలతో ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరతాయి, ఊరంతా పచ్చి నూనె వాసన. కోసిన కాయ కుప్పలో ఎంత నిలవుంటే నూనెలో ఆమ్లత అంత పెరుగుతుంది. అది 0.8 శాతం దాటితే "ఎక్స్‌ట్రా వర్జిన్" అన్న మేలురకం పేరే పోతుంది, ధరా పడిపోతుంది. ఆ అంకె తేల్చేది మీ ప్రయోగశాలే! సెప్టెంబరులో చేరమనడంలో ఆంతర్యం ఇదేనని నా అనుమానం. మీరు పని నేర్చుకునేలోపే కోత మొదలవుతుంది. కోతకాలంలో షిఫ్టులు ఎలా ఉంటాయి, అదనపు గంటలకు డబ్బిస్తారా, సెలవిస్తారా అన్నది రాతపూర్వకంగా తెప్పించుకోండి. చట్టం ప్రకారం సగటున వారానికి 40 గంటలు మించకూడదు, ఏడాదికి కనీసం 30 రోజుల సెలవు ఉంటుంది. వారాంతాలు కూడా ఆ 30 రోజుల్లో కలిసే లెక్క.

జీతం గురించి. 14 విడతలంటే నెలకు 1,600 యూరోలు, వేసవిలో ఒకటి, క్రిస్మస్‌కు ఒకటి అదనం. అక్కడి కనీస వేతనం 2025లో నెలకు 1,184 యూరోలు, అదీ 14 విడతలే. అంటే మీది కనీసం కంటే మెరుగే, అలాగని గొప్పదీ కాదు. సామాజిక భద్రత కింద మీ వాటా సుమారు ఆరున్నర శాతం పోతుంది, దాని మీద ఆదాయపు పన్ను. ఇక్కడే ఒక మెలిక ఉంది. స్పెయిన్‌లో పన్ను సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు దాకా. అందులో 183 రోజులు దాటి ఉంటేనే మామూలుగా మిమ్మల్ని నివాసిగా లెక్కిస్తారు. సెప్టెంబరులో దిగితే ఆ ఏడాది అన్ని రోజులు నిండవు. నివాసి కానివారికి జీతం మీద పన్ను ఏకంగా 24 శాతం. మొదటి నాలుగు నెలలు చేతికి తక్కువ వస్తే కంగారు పడకుండా, దానికి తగ్గట్టు డబ్బు వెంట తీసుకెళ్లండి. అదనపు జీతం కూడా పనిచేసిన నెలల మేరకే వస్తుంది కాబట్టి, మొదటి క్రిస్మస్‌కు పూర్తిగా అందుతుందని ఆశపెట్టుకోకండి. మాడ్రిడ్‌లో ఈ జీతానికి మీరు నలుగురితో కలిసి ఒక ఫ్లాటులో గది తీసుకోవాల్సిందే. బయేసాలో ఇదే జీతానికి ఒంటరిగా ఒక ఇల్లు తీసుకుని మిగుల్చుకోవచ్చు కూడా. నాన్నగారికి ఈ లెక్క చూపించండి.

ఇల్లు వెతికేటప్పుడు అందరూ కిటికీలోంచి ఏం కనిపిస్తుందని చూస్తారు. మీరు చలికి ఏం ఏర్పాటుందో చూడండి. బయేసా ఉన్న దక్షిణ ప్రాంతం ఆందలూసియా అంటే ఎండ ఒక్కటే అనుకుంటారు గానీ, బయేసా ఏడు వందల మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. పాత రాతి ఇళ్లు జనవరిలో గడ్డకట్టిస్తాయి. చాలా ఇళ్లలో గుండ్రని బల్ల ఒకటుంటుంది. దాని కింద చిన్న విద్యుత్ కుంపటి, పైన నేలదాకా వేలాడే మందపాటి గుడ్డ. కాళ్లు ఆ గుడ్డ లోపల పెట్టుకుని కూర్చుంటే నడుము దాకా వెచ్చన, పైన ముక్కు చల్లన. సాయంత్రాలు తినడం, చదవడం, టీవీ చూడడం అన్నీ ఆ బల్ల దగ్గరే. కావాలంటే అలవాటు పడవచ్చు, నాకైతే గోడకు హీటరు ఉన్న ఇల్లే మేలనిపించింది. అద్దె ఒప్పందానికి చట్టం ప్రకారం అడ్వాన్సు ఒక నెల అద్దె. ఆరు నెలలు దాటాక నెల రోజుల ముందు చెప్పి ఖాళీ చేయవచ్చు. సొంత నివాసానికి తీసుకునే ఇంటికి ఏజెన్సీ రుసుము ఇంటి యజమానే కట్టాలని 2023 చట్టం చెబుతోంది. మీ దగ్గర అడిగితే ఇవ్వకండి.

కాగితాల విషయం క్లుప్తంగా చెబుతాను. పని అనుమతికి ముందు దరఖాస్తు చేయాల్సింది కంపెనీ, దాని రుసుమూ వాళ్లదే. మధ్యలో ఎవరైనా మీ దగ్గర డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి. దరఖాస్తు పెట్టామంటే ఫైలు నంబరు అడగండి, ఎక్కడిదాకా వచ్చిందో మీరే చూసుకోవచ్చు. మంజూరైనట్టు తెలిసిన నెలలోపు ఇక్కడ వీసాకు దరఖాస్తు చేయాలి. అప్పటికి డిగ్రీ పట్టాకు విదేశాంగ శాఖ అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర), పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చే పోలీసు ధ్రువపత్రం, అధికారిక అనువాదకులు చేసిన స్పానిష్ ప్రతులు సిద్ధంగా ఉంచుకోండి. అక్కడ దిగిన నెలలోపు విదేశీయుల గుర్తింపు కార్డుకు వేలిముద్రలు ఇవ్వాలి. ఆ అపాయింట్‌మెంటు దొరకడమే పెద్ద పని. కొత్త అద్దె ఇంటి చిరునామాతో మునిసిపాలిటీలో నివాసిగా పేరు రాయించుకోవడం మాత్రం దిగిన వారంలోనే పూర్తి చేయండి, తర్వాత ప్రతి కార్యాలయమూ ఆ కాగితమే అడుగుతుంది. ఇవన్నీ రుసుము తీసుకుని చేసిపెట్టే "హెస్తోరియా" కార్యాలయాలు దాదాపు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. ఆ ఖర్చుకు వెనకాడకండి. మొదటి అనుమతి ఒక ఏడాదికే ఇస్తారు. మీలాంటి డిగ్రీ ఉన్న సాంకేతిక సిబ్బందికి ప్రొబేషన్ ఆరు నెలల దాకా పెట్టవచ్చు, ఆ లోపు కారణం చెప్పకుండానే తీసేయవచ్చు. అది ఎన్ని నెలలో చూసుకునే సంతకం పెట్టండి.

స్పానిష్ అంతంతమాత్రం అన్నారు. మాడ్రిడ్ కార్యాలయాల్లో ఇంగ్లిషుతో కొంతకాలం నెట్టుకురావచ్చు. బయేసాలో కుదరదు, నా దృష్టిలో అదే దాని గొప్పతనం. వెళ్లేలోపు కనీసం ఏ2 స్థాయి (ప్రాథమిక స్థాయిల్లో రెండోది) పూర్తి చేయండి. అయినా ఆందలూసియా వాళ్లు పదాల చివర్లు మింగేస్తారు కాబట్టి మొదట్లో సగం అర్థం కాదు. అక్కడి వయోజన విద్యా కేంద్రాల్లో విదేశీయులకు స్పానిష్ నేర్పుతారు, చేరిన వారమే అడగండి.

రొట్టెల దుకాణంలో మీరు చూసే మొదటి చిత్రం ఇది. లోపల ఏడెనిమిది మంది చెల్లాచెదురుగా నిలబడి కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. వరుస ఉండదు. వరుస లేదు కదా అని ముందుకు వెళ్లారో, అందరి చూపులూ మీ మీదే. లోపలికి వస్తూనే అందరికీ కలిపి నమస్కారం చెప్పి, చివర వచ్చింది ఎవరని అడగాలి. ఒక ముసలావిడ చేయెత్తుతుంది. ఆవిడను గుర్తుపెట్టుకోండి, ఆవిడ తర్వాత మీరు. మీ తర్వాత వచ్చినవాళ్లకు మీరు చేయెత్తాలి. ఆసుపత్రి వరండాలోనూ ఇదే తంతు. నాలుగు రోజులు అలా అడిగితే అయిదో రోజు ఆ ముసలావిడే మీ ఊరు, మీ అమ్మానాన్నలు, మీ పెళ్లి గురించి ఆరా తీస్తుంది. ఒంటరితనం గురించి నాన్నగారి బెంగ అర్థమవుతోంది. చిన్న ఊళ్లో అంతకంటే ఎక్కువ విసిగించేది ఈ ఆరాలే. నాన్నగారికి మాత్రం ఈ ఆరాల సంగతి వింటే ధైర్యంగానే ఉంటుందేమో!

ప్రశ్న: మా వారికి స్పెయిన్‌లో ఒక చిన్న ఊళ్లో ఉద్యోగం వచ్చింది. నేనూ వెంటనే వెళ్లవచ్చా? అక్కడ ఉద్యోగం చేయనిస్తారా?
– ఒక గృహిణి, కర్నూలు

జవాబు: ఆయనకు ఏ తరహా అనుమతి ఇస్తున్నారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. మామూలు ఉద్యోగ అనుమతి అయితే ఆయన ఒక ఏడాది అక్కడ ఉండి, మరో ఏడాదికి అనుమతి చేతికి వచ్చాక మిమ్మల్ని తీసుకెళ్లవచ్చు. ఉన్నత నైపుణ్యం ఉన్నవారి కోవలో ఇస్తే ఇద్దరూ కలిసే వెళ్లవచ్చు. రెండు పద్ధతుల్లోనూ మీరు విడిగా పని అనుమతి తీసుకోనక్కర్లేదు. మన డ్రైవింగ్ లైసెన్సు అక్కడ నివాసం మొదలైన ఆరు నెలల వరకే చెల్లుతుంది, దాన్ని అక్కడి లైసెన్సుగా మార్చుకునే ఒప్పందం లేదు. అక్కడే పరీక్ష పాసై కొత్త లైసెన్సు తీసుకోవాలి, రాతపరీక్ష ఇంగ్లిషులో రాయవచ్చు. చిన్న ఊళ్లో కారు లేకపోతే భర్త పనికి వెళ్లాక ఇంట్లోనే ఉండిపోతారు. మీరు కూడా ఆ పరీక్షకు ఇప్పుడే చదవడం మొదలుపెట్టండి.

ప్రశ్న: శాకాహారికి స్పెయిన్‌లో తిండి దొరుకుతుందా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఇంట్లో వండుకుంటే ఏ లోటూ లేదు. ఉడికించిన శనగలు, చిక్కుడు గింజలు, కాయధాన్యాలు గాజు సీసాల్లో ప్రతి దుకాణంలోనూ ఉంటాయి. చిక్కంతా బయటే. కూరగాయల సలాడ్ అంటే పైన ట్యూనా చేప వేస్తారు, చల్లని టమాటా సూపు మీద ఎండబెట్టిన పంది మాంసం ముక్కలు చల్లుతారు. "మాంసం తినను" అంటే ఆ రెండూ వాళ్ల లెక్కలో మాంసం కావు. కాబట్టి చేప, పంది మాంసం అని విడివిడిగా పేరు పెట్టి చెప్పాలి. హయెన్, గ్రనాడా ప్రాంతాల్లో పండ్లరసం తాగినా దానితో పాటు ఉచితంగా ఒక చిన్న పళ్లెం తెచ్చిపెడతారు. అందులో ఏముంటుందో వాళ్ల ఇష్టం. గ్లాసు ఆర్డరిచ్చేటప్పుడే చెప్పేయండి, ఆలివ్ కాయలో, వేయించిన వంకాయో తెచ్చిస్తారు.