కుంచె సందేహాలు: డాబా మీంచి ఆకాశం

ప్రశ్న: మా డాబా మీంచి హైదరాబాద్ సాయంత్రపు ఆకాశాన్ని నీటిరంగుల్లో వేస్తున్నాను. పైన నీలం, కింద పసుపు వేస్తే మధ్యలో ఆకుపచ్చ పట్టీ వస్తోంది. ఆరాక కాలీఫ్లవర్ పువ్వుల్లాంటి మరకలు తేలుతున్నాయి. పొరపాటు ఎక్కడ?

జవాబు: ముందు ఆకాశాన్నే ఇంకోసారి చూడండి. నెత్తిమీద నీలం నిలుస్తుంది. ఇళ్ల కప్పుల దగ్గరికొచ్చేసరికి మన చూపు కిలోమీటర్ల కొద్దీ దుమ్ములోంచి, పొగలోంచి పోతుంది. ఆ దారిలో నీలం చెదిరిపోయి మట్టిపసుపే మిగులుతుంది. ఆ రెంటికీ మధ్య మాసిన గులాబీ పొర ఒకటి ఉంటుంది. మీ బొమ్మలో లేనిది అదే.

లెమన్ ఎల్లో, ప్రష్యన్ బ్లూ పక్కన పెట్టేయండి, అవి కలిస్తే ఆకుపచ్చ తప్పదు. ఎల్లో ఆకర్ (మట్టిపసుపు), పర్మనెంట్ రోజ్ (గులాబీ), అల్ట్రామెరైన్ (నీలం) చాలు. మూడింటినీ మూడు గిన్నెల్లో రెండేసి చెంచాల నీళ్లతో ముందే కలిపి ఉంచుకోండి. మధ్యలో కలపడానికి ఆగితే కాగితం ఆరిపోతుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) కాటన్ కాగితాన్ని బోర్డుకి నాలుగు వైపులా టేపు వేసి, పైఅంచు రెండంగుళాలు ఎత్తండి. మంచినీళ్లతో అంతా తడిపి, నీటి గుంటలు పోయి సన్నని మెరుపు మిగిలేదాకా ఆగండి. కింద ఆకర్, దాని పైన రోజ్ వేయండి. ఆపైన నీలాన్ని పైనుంచి కిందికి పలచబరుస్తూ తెచ్చి, గులాబీలోనే ఆపేయండి. ఆరితే వెలుస్తుంది కాబట్టి అన్నీ ఒక పిసరు ముదురుగానే వేయాలి.

ఇక మరకలు. సగం ఆరిన రంగు మీద నీళ్లెక్కువున్న కుంచె పెడితే ఆ నీరు రంగును నెట్టుకుంటూ పోయి అంచున వదిలేస్తుంది. కింది టేపు దగ్గర నిలిచిన నీరు పైకి పాకినా ఇంతే, దాన్ని పిండిన కుంచెతో తీసేయండి. మెరుపు పోయాక దిద్దాలనిపిస్తుంది, దయచేసి ముట్టుకోకండి. పూర్తిగా ఆరాకే మళ్లీ తడపండి. మే ఎండల్లో ఆ మెరుపు నిమిషాల్లో పోతుంది, ఫ్యాన్ ఆపేసుకోండి.

అరచేయంత కాగితాల మీద రోజూ ఒకే వేళకు వేసి చూడండి. వెనక తేదీ, సమయం, గాలి దిక్కు రాయండి. 1821, 22లలో లండన్ దగ్గర హాంప్‌స్టెడ్‌లో ఇంగ్లిష్ చిత్రకారుడు జాన్ కానిస్టబుల్ మబ్బుల్ని వేసినప్పుడు అలాగే రాసుకున్నాడు.

ప్రశ్న: రాత్రి ఆకాశానికి నలుపు వేస్తే గోడలా కనిపిస్తోంది.

జవాబు: నగరంలో రాత్రి ఆకాశం నలుపు కాదు. వీధిదీపాల వెలుగు దుమ్ముకీ మబ్బుకీ తగిలి తిరిగొస్తుంది, అందుకే కింద ఇంకా లేతగా ఉంటుంది. మూడు పాళ్లు అల్ట్రామెరైన్‌కి ఒక పాలు బర్ంట్ సియెన్నా (ఎర్రమట్టి రంగు) కలపండి. సోడియం దీపాలున్న పేటైతే కింద కాస్త నారింజ, ఎల్‌ఈడీలైతే పాలిపోయిన బూడిద. భవనాలు మాత్రం ఆకాశం కన్నా ముదురుగా ఉండాలి.