కంప్యూటర్ వాళ్లంతా కలిసి సంఘం పెడతామంటే: మేనకోడలికి ఓ ఉత్తరం

స్రవంతీ,

నువ్వు పంపిన బైలాస్ (సంఘం నియమావళి) డ్రాఫ్టు, లోగో, మెంబర్ల లిస్టు అన్నీ చూశాను. లోగో బావుంది. బైలాస్ మాత్రం ఎవరో ఆడిటర్ దగ్గర పాత కాపీ తీసుకుని పేరు మార్చినట్టున్నారు, మీ ఆశయాల్లో గోసంరక్షణ, ఉచిత కంటి శిబిరాలు కూడా ఉన్నాయి, ముందు అవి తీసేయండి.

"కంప్యూటర్ సైన్స్ చదువుకున్నవాళ్లం, లాభం చూసుకోకుండా జనానికి పనికొచ్చే రీసెర్చి చేద్దామనుకుంటున్నాం అత్తయ్యా, సలహా చెప్పు" అన్నావు. సంతోషమే. కానీ నీ మెసేజ్ రెండుసార్లు చదివినా నాకు ఒక్కటి దొరకలేదు, మీరు ఏ ప్రశ్నకి జవాబు వెతుకుతారు? ఏఐ ఎథిక్స్, ప్రైవసీ, ఎలక్షన్లు, రైతులకి యాప్, పల్లెల్లో డిజిటల్ అక్షరాస్యత... ఇన్ని రాశావు, వీటిల్లో ఒక్కదానికి కూడా చివర ప్రశ్నార్థకం పెట్టలేం. సంఘం రిజిస్టర్ చెయ్యడానికి నెల చాలు, సరైన ప్రశ్న దొరకడానికే ఎక్కువ టైమ్ పడుతుంది, కాబట్టి అది ముందు మొదలెట్టండి.

నేను అమెరికాలో చదువుకునే రోజుల్లో అప్పుడప్పుడు ఒక సంఘం మీటింగులకి వెళ్తుండేదాన్ని, కంప్యూటర్ ప్రొఫెషనల్స్ ఫర్ సోషల్ రెస్పాన్సిబిలిటీ అని, అందరూ సీపీఎస్ఆర్ అనేవాళ్లు. నువ్వు చెప్పేలాంటి సంఘమే అది, కాబట్టి వాళ్ల కథ కొంచెం వివరంగా చెప్తాను. 1981లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో జిరాక్స్ కంపెనీ వాళ్ల పార్క్ అనే రీసెర్చి ల్యాబ్‌లో సెవెరో ఓర్న్‌స్టీన్, లారా గౌల్డ్ అనే ఇద్దరు, అణుయుద్ధం భయంతో లోపల లోపల నలిగిపోతూ, ల్యాబ్ ఈమెయిల్లో "దీని గురించి మాట్లాడుకుందామా" అని ఒక లిస్టు మొదలుపెట్టారు. ఈ ఓర్న్‌స్టీన్ మామూలోడు కాదు, ఇప్పటి ఇంటర్నెట్‌కి మూలమైన అర్పానెట్ కోసం మొదటి మెషీన్ల హార్డ్‌వేర్ కట్టినవాళ్లలో ఒకడు, అంటే అమెరికా రక్షణ శాఖ డబ్బుతో పనిచేసి వచ్చినవాడే. 1983లో దాన్ని లాభాపేక్ష లేని సంస్థగా రిజిస్టర్ చేశారు. చూశావా, ముందు మాటలు, రిజిస్ట్రేషన్ రెండేళ్ల తర్వాత.

అదే ఏడాది మార్చిలో రీగన్ టీవీలో కూర్చుని, శత్రువు క్షిపణుల్ని ఆకాశంలోనే ఆపేసే రక్షణ కవచం కడతామన్నాడు, జనం దానికి స్టార్ వార్స్ అని పేరు పెట్టారు. దానికి వ్యతిరేకంగా మాట్లాడినవాళ్లు బోలెడుమంది, శాంతివాదులు, ఫిజిక్స్ వాళ్లు, పాస్టర్లు. సీపీఎస్ఆర్ వాళ్లు కూడా "యుద్ధం వద్దు" అంటూ నినాదం ఇచ్చుంటే ఆ గుంపులో ఇంకో గొంతు అయ్యేవాళ్లు, అంతే. వాళ్లు అడిగింది వేరే: ఇంత పెద్ద సాఫ్ట్‌వేర్, కోటి లైన్ల దాకా అవ్వచ్చని ప్రభుత్వ ప్యానెలే లెక్కేసింది, అసలు సందర్భంలో ఒక్కసారి కూడా టెస్ట్ చెయ్యకుండా, మొదటిసారే తప్పు లేకుండా పనిచేస్తుందని ఎవరైనా చెప్పగలరా? ఈ ప్రశ్న పాస్టర్ గారు అడిగితే ఎవరూ పట్టించుకోరు. ప్రోగ్రాములు రాసి రాసి చేతులు కాలినవాళ్లు అడిగితే వింటారు.

వాళ్ల దగ్గర ఉదాహరణలు కూడా మంచివి ఉండేవి. 1960 అక్టోబర్ 5న గ్రీన్‌లాండ్‌లోని థూలేలో ఉన్న అమెరికా రాడార్, సోవియట్ వాళ్లు పెద్ద ఎత్తున దాడి చేస్తున్నారని కంగారు పెట్టింది, చూస్తే అది చంద్రోదయం. రాడార్ కరెక్టుగానే పనిచేసింది, డిజైన్ చేసినవాళ్లకి చంద్రుడు గుర్తు రాలేదంతే. మీ పిల్లలందరికీ ఈ కథ చెప్పు, స్పెసిఫికేషన్‌లో లేనిది ప్రపంచంలో ఉంటుంది అన్నదానికి ఇంతకంటే మంచి పాఠం నాకు కనపడలేదు.

తర్వాత 1985లో డేవిడ్ పార్నస్ వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్‌లో ఆయన పేరు చదివే ఉంటావు, మాడ్యూల్స్, ఇన్ఫర్మేషన్ హైడింగ్, అంటే పెద్ద ప్రోగ్రామ్‌ని ఎలా ముక్కలుగా విడగొట్టాలి అన్నదంతా ఆయనే. నేవీ ల్యాబ్‌కి చాలా ఏళ్లు పనిచేసిన మనిషి, సైన్యం అంటే పడనివాడేం కాదు. స్టార్ వార్స్ కంప్యూటింగ్ ప్యానెల్లో రోజుకి 1000 డాలర్ల కన్సల్టింగ్ ఫీజు, 1985లో సుమా. జూన్‌లో రాజీనామా చేసి, ఊరికే తలుపు కొట్టి వెళ్లిపోకుండా, ఎందుకు ఆ సాఫ్ట్‌వేర్‌ని నమ్మలేమో ఎనిమిది చిన్న వ్యాసాలు రాసి ఇచ్చాడు. ఆ అక్టోబర్‌లో ఎంఐటీలో డిబేట్ పెట్టారు, సీపీఎస్ఆర్, ఎంఐటీ కంప్యూటర్ సైన్స్ ల్యాబ్ కలిసి. నాకు నచ్చిన సంగతేంటంటే అవతలి పక్షం వాళ్లకి కూడా సమానంగా కుర్చీలు వేశారు, పార్నస్, వైజెన్‌బామ్ ఒక వైపు, డానీ కోహెన్, చార్లెస్ సైట్జ్ ఇంకో వైపు, టాపిక్ కూడా "దీనికి కావాల్సిన కంప్యూటింగ్ సాధ్యమా" అన్నంత వరకే. మంచిదా చెడ్డదా, ఖర్చెంత, రష్యా ఏమంటుంది, ఇవేవీ కాదు. మీ మొదటి మీటింగ్ ఇలాగే పెట్టండి. మీతో ఒప్పుకోనివాణ్ని, మీకంటే తెలివైనవాణ్ని వెతికి మరీ పిలవండి.

నేను చెప్పదలుచుకున్న అసలు విషయం ఇదే, మిగతాదంతా దీని చుట్టూనే. మీ సంఘానికి ఆస్తి లేదు, పలుకుబడి లేదు, వెనక జనం లేరు, ఉన్నదల్లా "కంప్యూటర్ సంగతి వీళ్లకి తెలుసు" అన్న ఒక్క నమ్మకం. తెలిసిన చోట తెలిసినంతే మాట్లాడితే అది పెరుగుతుంది. పోలవరం మీద, కులగణన మీద, సినిమా టికెట్ల మీద మీ లెటర్‌హెడ్‌తో స్టేట్‌మెంట్ ఇచ్చిన రోజున అది పోతుంది. మీకు అభిప్రాయాలుంటే, ఉండాలి కూడా, మీ మీ పేర్లతో చెప్పుకోండి.

ఇప్పుడు మన దగ్గరి సంగతి. నువ్వు "మాకు డేటా ఎవరిస్తారు" అన్నావు. లిబ్‌టెక్ ఇండియా అని ఉంది, ఇంజినీర్లు, సోషల్ సైన్స్ వాళ్లు కలిసి చేసే పని. ఉపాధి హామీ కూలి ఎంత ఆలస్యంగా పడుతోందో చూద్దామని 2016-17 సంవత్సరానికి పది రాష్ట్రాల్లో దాదాపు 90 లక్షల చెల్లింపులు ప్రభుత్వ పోర్టల్ నుంచే తీసి లెక్కేశారు. హ్యాకింగ్ లేదు, లీక్ లేదు, అందరికీ కనపడే డేటా. ఏం తేలిందంటే, ఆలస్యానికి పరిహారం లెక్కగట్టేటప్పుడు సర్కారు సిస్టమ్ కింద నుంచి పేమెంట్ ఆర్డర్ తయారయ్యే దాకానే రోజులు లెక్కపెడుతోంది, అక్కడ్నుంచి కేంద్రం డబ్బు కూలీ ఖాతాలో పడేదాకా పట్టిన రోజులు లెక్కలోనే లేవు. చేసింది ఏంటి, రెండు తేదీల మధ్య తీసివేత. డీప్ లెర్నింగ్ కూడా కాదు. 2018 మేలో సుప్రీంకోర్టు స్వరాజ్ అభియాన్ కేసులో ఆ రెండో దశ ఆలస్యానికి కూడా పరిహారం ఇవ్వాల్సిందేనని చెప్పింది. తర్వాత వాళ్లే ఆంధ్రప్రదేశ్, జార్ఖండ్, రాజస్థాన్‌లో కూలీల దగ్గరికి వెళ్లి, పడిన డబ్బు చేతికి రావడానికి బ్యాంకుల చుట్టూ ఎన్నిసార్లు తిరుగుతున్నారో అడిగి, 2020లో రిపోర్ట్ ఇచ్చారు. స్క్రీన్ మీద "క్రెడిటెడ్" అని ఉంటుంది, అనంతపురంలో కరువు పనికెళ్లిన ఆవిడకి ఆ డబ్బు ఇంకా రాలేదు, ఈ రెంటి మధ్య ఏం జరుగుతోందో కనిపెట్టడమే మీలాంటి వాళ్లకి తగిన పని. కాబట్టి మీలో కనీసం ఇద్దరు ఊళ్లు తిరగడానికి సిద్ధపడాలి, అందరూ గచ్చిబౌలిలో కూర్చుని డాష్‌బోర్డ్ గీస్తే కుదరదు.

మెటీరియల్ ఎలా వచ్చింది అన్నది ఎంత ముఖ్యమో హైదరాబాద్ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదనుకుంటా, కానీ మీరంతా అప్పుడు చిన్నపిల్లలు. 2010లో హరిప్రసాద్ గారు, ఇక్కడి ఇంకొంతమంది ఇంజినీర్లు, మిషిగన్ యూనివర్సిటీ నుంచి అలెక్స్ హాల్డర్‌మన్ టీమ్, నెదర్లాండ్స్ నుంచి రాప్ గాంగ్రిప్ కలిసి మన ఈవీఎం ఒకటి తీసుకుని దాంట్లో లోపాలు చూపించారు, ఆ రీసెర్చి పేపర్ మంచి కాన్ఫరెన్స్‌లో వచ్చింది. ఆ మెషీన్ ఇచ్చినవాళ్లు పేరు చెప్పొద్దన్నారు. ఆగస్టులో పోలీసులు హరిప్రసాద్ గారిని హైదరాబాద్‌లో ఇంటికొచ్చి అరెస్ట్ చేసి ముంబై తీసుకెళ్లారు, వాళ్లు అడిగింది పేపర్లో రాసింది తప్పా ఒప్పా అని కాదు, మెషీన్ ఎక్కడిది అని. తర్వాత బెయిల్ వచ్చింది, ఆ ఏడాదే అమెరికాలో ఈఎఫ్ఎఫ్ అనే డిజిటల్ హక్కుల సంస్థ వాళ్లు అవార్డ్ ఇచ్చారు, 2013లో సుప్రీంకోర్టు ఓటుకి కాగితం ఆధారం, అంటే ఇప్పటి వీవీప్యాట్, ఉండాల్సిందేనంది. ఈవీఎంల మీద ఎవరి వాదన వాళ్లకుంది, ఇప్పటికీ తెగలేదు, నేను దాన్లోకి పోను. నీకు చెప్పేదల్లా, ఏ వస్తువు మీద, ఏ డేటా మీద పనిచేసినా అది మీ చేతికి ఎలా వచ్చిందో చెప్పే కాగితం మొదటి రోజే ఫైల్లో పెట్టుకోండి. సమాచార హక్కు దరఖాస్తు, పర్మిషన్ లెటర్, కొన్న బిల్లు, ఏదైనా. లాగిన్ అడిగే పోర్టల్‌లోకి వేరేవాళ్ల పాస్‌వర్డ్‌తో వెళ్లడం, "ఊరికే చూద్దామని" సర్వర్‌ని గోకడం, ఇవి ఐటీ చట్టం కింద కేసులయ్యే పనులు, ఉద్దేశం మంచిదని చెప్పి తప్పించుకోవచ్చనుకోకండి. ఒక లాయర్ని మెంబర్‌గా చేర్చుకోండి, ఫీజు ఇవ్వలేకపోయినా భోజనం పెట్టండి.

అదే గాంగ్రిప్ అంతకు నాలుగేళ్ల ముందు తన దేశంలో ఇలాంటిదే ఇంకోటి చేశాడు. అక్కడి ఓటింగ్ మెషీన్ కంపెనీ మనిషి, ఇది ఓట్లు తప్ప ఇంకేం లెక్కపెట్టదు, చెస్ ఆడిస్తారా చూద్దాం అన్నట్టు మాట్లాడాడు. వీళ్లు మెషీన్ సంపాదించి చెస్ ఆడించి చూపించారు. టీవీలో చూసిన ముసలమ్మకి కూడా అర్థమైంది. 2008లో ఆ దేశం కాగితం బ్యాలెట్‌కి వెళ్లిపోయింది. నలభై పేజీల రిపోర్ట్ రాయండి, తప్పకుండా రాయండి, కానీ పక్కన మీ చెస్ ఆట ఏంటో కూడా ఆలోచించుకోండి. ఇక రిపోర్ట్ ఎవరి గురించి రాశారో వాళ్లు చదవగలిగేలా తెలుగులో కూడా ఉండాలి, ఇంగ్లీష్ అయ్యాక గూగుల్లో వేసి కాపీ చేసిన తెలుగు కాదు. అల్గారిథమ్ రేషన్ కార్డ్ రద్దు చేసేసింది అని రాస్తే సరిపోదు, ఏ ఆఫీసులో ఎవర్ని ఏం అడగాలో రాయాలి.

డబ్బు గురించి తొందరగా చెప్పేస్తాను, ఆడిటర్ ఎలాగూ చెప్తాడు. తెలంగాణలో సొసైటీగా పెట్టాలంటే ఏడుగురు చాలు. సెక్షన్ 8 కంపెనీ, అంటే లాభాపేక్ష లేని కంపెనీ అయితే లెక్కలు గట్టిగా ఉంటాయి, ఖర్చూ ఎక్కువే. మొదట్లో ఏదైనా ఒకటే. అసలు చిక్కు ఎక్కడొస్తుందంటే మీ డల్లాస్ ఫ్రెండ్స్ డబ్బు పంపుతామంటారు చూడు, అక్కడ. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు తమ సొంత డబ్బు బ్యాంక్ ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు, అదే మనిషి అమెరికా సిటిజన్‌షిప్ తీసుకున్నాక పంపితే విదేశీ విరాళమే, విదేశీ పౌరులైన మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ కావాలి, దానికి మూడేళ్ల పని చూపించాలి, డబ్బు ఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్ ఖాతాలోనే పడాలి. అందుకని మొదటి మూడేళ్లు మీ జీతాల్లోంచే నెలకింత వేసుకోండి. చిన్న మొత్తమే మంచిది, ఎవరూ లాక్కోలేరు. ఇంకోటి, మీరు ఎవరి సిస్టమ్‌ని పరీక్షిస్తారో వాళ్ల దగ్గర, వాళ్ల పోటీదారు దగ్గర కూడా పైసా తీసుకోవద్దు, టీ స్పాన్సర్‌షిప్ కూడా. తీసుకున్న ప్రతి రూపాయి ఎక్కడ్నుంచి వచ్చిందో అడక్కుండానే చూపించండి.

ఉద్యోగాల సంగతి కూడా చూసుకోండి. మీలో సగం మంది ఆఫర్ లెటర్లో, నువ్వు రాసిన ప్రతిదీ కంపెనీదే, బయట ఏ పనీ చెయ్యకూడదు అని ఉండే ఉంటుంది, ఎవరూ చదవరు. తీసి చదవండి. హెచ్ఆర్‌కి రాసి, అవునని మెయిల్‌లో వచ్చాకే పేరు వేసుకోండి. గవర్నమెంట్ కాలేజీ లెక్చరర్ ఒకాయన ఉన్నాడన్నావు కదా, ఆయనకి సర్వీస్ రూల్స్ ఉంటాయి, ఆయన్ని ఆఫీస్ బేరర్‌గా పెట్టి ఇరికించకండి. ఎవరి పరిస్థితి బట్టి వాళ్లు ముందో వెనకో ఉంటారు, వెనకున్నవాడు పిరికివాడని అనుకోవద్దు, కోడ్ రివ్యూ చేసేవాడు లేకపోతే రిపోర్ట్‌లో తప్పు దొర్లుతుంది, ఒక్క తప్పు అంకె దొరికితే చాలు అవతలివాళ్లు మిగతా తొంభై తొమ్మిదీ పక్కన పెట్టేస్తారు.

సీపీఎస్ఆర్ తర్వాత ఏమైందంటావా. స్టార్ వార్స్ తర్వాత ప్రైవసీ వైపు వెళ్లారు, అది కూడా బాగానే చేశారు, ఎఫ్‌బీఐ తమ నేరస్తుల డేటాబేస్‌లో, కేసు కూడా లేకుండా ఊరికే అనుమానం ఉన్నవాళ్లని కూడా ట్రాక్ చేద్దామనుకుంటే అమెరికా కాంగ్రెస్ కమిటీకి రిపోర్ట్ ఇచ్చి ఆ ముక్క ఆగిపోవడానికి సాయపడ్డారు. 1994లో ఆ పనిలోంచే ఎపిక్ అనే ప్రైవసీ సంస్థ విడిగా పుట్టింది, ఇప్పటికీ ఉంది. మాతృసంస్థ మాత్రం ఒక టాపిక్ నుంచి పది టాపిక్‌లకి పాకింది, మెంబర్లు తగ్గారు, 2013లో మూసేశారు. నాకైతే అది బాధగా లేదు. ముప్పై ఏళ్లు నడిచింది, చేసిన పని మిగిలింది. బైలాస్‌లో మూసేసే క్లాజు ఉంటుంది, మిగిలిన డబ్బు ఎవరికి పోవాలి అని, దాన్ని అపశకునం అనుకుని ఖాళీగా వదిలేశారు మీరు, నింపండి.

రిజిస్ట్రేషన్ ఫీజు కట్టకండి ఇంకా. మెంబర్లంతా కూర్చుని, చివర ప్రశ్నార్థకం ఉన్న వాక్యం ఒక్కటి, జవాబు "అవును" అయినా "కాదు" అయినా రాసి బయటపెట్టే ధైర్యం ఉన్నది, రాసి నాకు పంపండి. గొడవపడతారు, పడండి. ఆ వాక్యానికి ఏ డేటా కావాలి, అది ఎవరి దగ్గరుంది, ఎవరు వెళ్లి అడుగుతారు, ఈ మూడూ దాని కిందే రాయండి. ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి, పొద్దున మావయ్యని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

మీ అత్తయ్య