విరాళాల పేజీని నమ్ముకుని వడ్డీకి తేవద్దు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా ఆయన పెయింటింగ్ పని చేస్తారు. పరంజా మీద నుంచి పడి తొడ ఎముక విరిగింది. రాడ్డు వేయాలి, 2,20,000 అవుతుందని ప్రైవేటు ఆస్పత్రిలో చెప్పారు. మా మరిది ఆన్‌లైన్‌లో విరాళాల పేజీ పెట్టాడు. మొదటి రెండు రోజుల్లో 45,000 వచ్చింది, తర్వాత ఆగిపోయింది. మిగతా 1,75,000 నూటికి నాలుగు రూపాయల వడ్డీకి తెచ్చి, పేజీలో డబ్బు పడగానే తీర్చేద్దామనుకుంటున్నాం. కుట్టుపనిలో నాకు నెలకు 9,000 వస్తాయి. ఇద్దరు పిల్లలు. రేషన్ కార్డు ఉంది. మహిళా సంఘంలో ఉన్నాను. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చూసిన రోజే ఫోన్ చేసి చెప్పాను, ఆ అప్పు తేవద్దని. ఇదే పొరపాటు చేయబోయేవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే ఇక్కడ కూడా రాస్తున్నాను.

నూటికి నాలుగు రూపాయలంటే ఏడాదికి 48 శాతం. 1,75,000 మీద నెలకు 7,000. మీ సంపాదనలో ఇక మిగిలేది 2,000. దాంతో అద్దె కడతారా, పిల్లలకు అన్నం పెడతారా? నాలుగు నెలల్లో 28,000 కట్టినా అసలు అలాగే ఉంటుంది. పేజీలో రాసిన 2,20,000 మీరు అడిగిన మొత్తం మాత్రమే. చేతికొచ్చింది 45,000. మొదట్లో ఇచ్చేది తెలిసినవాళ్లే: మేస్త్రీ, చుట్టాలు, మీ మరిది స్నేహితులు. వాళ్లయ్యాక ముక్కూమొహం తెలియనివాళ్లు ఇవ్వాలి. పసిపిల్లల గుండె ఆపరేషన్ల ఫొటోల మధ్య విరిగిన కాలు ఎవరి కంటా పడదు. రాని విరాళాన్ని చూపించుకుని ప్రామిసరీ నోటు మీద సంతకం ఎలా పెడతారు?

రేషన్ కార్డు ఉండి కూడా ఆరోగ్యశ్రీ మాట మీ ఉత్తరంలో ఎక్కడా లేకపోవడం చూసి బాధేసింది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పరిమితి ఉంది. ఎముకల ఆపరేషన్లు చాలావరకు అందులో ఉన్నాయి. మీరున్న ఆస్పత్రి ఆ జాబితాలో ఉందో లేదో 104కు ఫోన్ చేసి అడగండి. లేకపోతే డాక్టరుతో మాట్లాడి జాబితాలో ఉన్నచోటికి మార్పించండి, లేదా గాంధీకో ఉస్మానియాకో తీసుకెళ్లండి. అక్కడ ముందు ఆరోగ్యమిత్రను, అంటే ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఉద్యోగిని, కలవండి. అనుమతి ఆపరేషన్‌కు ముందే రావాలి. నగదు కట్టేశాక పరుగెత్తితే పని జరగడం కష్టం. అందుకే ఆలస్యం చేయకండి, విరిగిన తొడతో మనిషిని రోజుల తరబడి పడుకోబెట్టకూడదు. ఇంకా తక్కువైతే సీఎం సహాయనిధి నుంచి ఎల్ఓసీ (చికిత్స ఖర్చుకు ఆస్పత్రి పేరిట ముందుగా ఇచ్చే హామీ పత్రం) కోసం ఎమ్మెల్యే ఆఫీసులో అడగండి. పనిచేస్తుండగా పడ్డారు కాబట్టి పని ఇచ్చినవాళ్ల బాధ్యత కూడా ఉంటుంది. లేబర్ ఆఫీసుకు వెళ్లి విషయం చెప్పండి, లేబర్ కార్డు ఉంటే వెంట తీసుకెళ్లండి.

ఇక నన్ను అసలు భయపెడుతున్న విషయం. ఆపరేషన్ ఉచితంగా అయిపోయిందే అనుకుందాం. తొడ ఎముక గట్టిగా అతకడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. మళ్లీ పరంజా ఎక్కడానికి ఇంకా ఆలస్యం కావచ్చు. అన్నాళ్లూ ఆయన కూలి రాదు. నేను చూసిన కుటుంబాలు మునిగింది ఆస్పత్రి బిల్లుతో కంటే ఈ నెలల్లోనే. బియ్యానికి, అద్దెకు రోజూ వసూలు చేసుకునే గిరిగిరి ఫైనాన్స్ దగ్గరికో లోన్ యాప్ దగ్గరికో వెళ్లారు. ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా ఉంది కదా అని ధైర్యంగా ఉండేవాళ్లూ ఉన్నారు. అతుక్కునే ఎముకకు అది పైసా ఇవ్వదు.

అందుకని మీ మరిదితో ఆ పేజీ మార్పించండి. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అవుతోందని, ఇప్పుడు కావలసింది నాలుగు నెలల ఇంటి ఖర్చు, ఫిజియోథెరపీ, రానుపోను ఛార్జీలు అని దాపరికం లేకుండా రాయాలి. ఇప్పటికే ఇచ్చినవాళ్లకు కూడా ఆ సంగతి తెలియజేయాలి. డబ్బు నేరుగా ఆస్పత్రికే వెళ్లేలా పెట్టి ఉంటే, ఆ సైటువాళ్లతో ముందు మాట్లాడాలి. ఆ 45,000 మీ చేతికొస్తే నెలకు పదకొండు వేల చొప్పున వాడుకోండి, ఒకేసారి ఖర్చు చేయవద్దు. అప్పు తప్పదనుకుంటే మహిళా సంఘాల సభ్యులకు ఇచ్చే స్త్రీనిధి అప్పు మీ సంఘంలో అడగండి, లేదా బ్యాంకులో బంగారం పెట్టండి. నూటికి నాలుగు రూపాయల మనిషి గడప మాత్రం తొక్కవద్దు.

ఆయన పనికి వెళ్లే మొదటి రోజు నుంచి, పని ఉన్న ప్రతి రోజూ 50 రూపాయలు పక్కన పెట్టండి. నెలకు పాతిక రోజులు పనుంటే 1,250, మూడేళ్లకు 45,000. విరాళాల పేజీలో వచ్చినంత. మూడేళ్లంటే చాలా దూరం అనిపిస్తుందని తెలుసు. కానీ ఆరో నెలకే 7,500 ఉంటుంది, చిన్న దెబ్బకు అది చాలు. చీటీలో వేయవద్దు, అవసరానికి మన వంతు రాకపోవచ్చు. పోస్టాఫీసులో మీ పేరు మీద వేరే సేవింగ్స్ ఖాతా తెరవండి, దాన్ని ఫోన్ పేకు కలపకండి.