తెర అవతలి సహాధ్యాయి

ప్రశ్న: నేను డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నాను. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన ఒక కళాశాల విద్యార్థులతో కలిసి ఆరు వారాల పాటు ఆన్‌లైన్‌లో ఒక ప్రాజెక్టు చేస్తున్నాం. మా జట్టులో మేము ఇద్దరం, వారు ఇద్దరు. మొదటి రోజు పేర్లు, ఊళ్లు, వాతావరణం చెప్పుకున్నాం. ఆ తరువాత వారు కెమెరా ఆపివేసి మాట్లాడుతున్నారు. నేను పంపిన సందేశానికి మూడు రోజుల తరువాత ఒక్క వాక్యం బదులు వచ్చింది. పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన నేను ఇంగ్లీషులో తడబడతాను. వారికి మేమంటే చిన్నచూపేమోనని బాధగా ఉంది. ఇలా తెర మీద స్నేహం కుదురుతుందా? చదువైనా వస్తుందా?
- ఒక విద్యార్థిని, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: మీ బాధ అర్థమైంది. అయితే మూడు రోజుల మౌనానికి చిన్నచూపే కారణమని అప్పుడే తీర్మానించకండి. మనకు ఉదయం 7.30 అయినప్పుడు చలికాలంలో వారికి ముందు రోజు రాత్రి 9 గంటలు. మార్చి రెండవ ఆదివారం వారు గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుకున్నాక అదే సమయం రాత్రి 10 అవుతుంది. పగలంతా తరగతులు, కొందరికి ఆపైన ఉద్యోగం ముగించుకొని ఆ వేళకు మీ ముందు కూర్చునేవారు కెమెరా ఆపడానికి అలసట కారణం కావచ్చు, పక్క మంచం మీద నిద్రపోతున్న మిత్రుడు కారణం కావచ్చు. వారినే అడగండి, అడగడంలో తప్పు లేదు.

అసలు విషయం మరొకటి ఉంది. వాతావరణం దగ్గరే మాటలు ఆగిపోవడం మీ ఇంగ్లీషు లోపం కాదు, కలిసి తేల్చుకోవలసిన ప్రశ్న మీ నలుగురి ముందు లేకపోవడమే లోపం. ఈ తరహా చదువుకు 2006లో ప్రత్యేక కేంద్రాన్ని నెలకొల్పిన స్టేట్ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్ పద్ధతిలో కూడా, రెండు దేశాల అధ్యాపకులు ముందుగా కూర్చొని ఉమ్మడి పాఠాన్ని, ఉమ్మడి పనిని రూపొందించిన తరువాతనే విద్యార్థులను కలుపుతారు.

అంతకు ముందే, 1997లో, అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో ఫ్రెంచి భాష బోధించే అధ్యాపకులు ‘కల్చురా’ అనే ప్రయోగం ప్రారంభించారు. అమెరికా, ఫ్రాన్స్ విద్యార్థులకు ఒకే పదాల జాబితా ఇచ్చి, ప్రతి పదానికీ మనసులో మెదిలిన మాటలను ఎవరి భాషలో వారిని రాయమని చెప్పి, ఆ జవాబులను పక్కపక్కన పెట్టారు. ‘వ్యక్తివాదం’ అన్నప్పుడు అమెరికా విద్యార్థులలో చాలామందికి స్వేచ్ఛ గుర్తుకు రాగా, ఫ్రెంచి విద్యార్థులలో చాలామందికి స్వార్థం గుర్తుకు వచ్చింది. నిఘంటువు ఒకటే అని చెప్పే పదం ఇద్దరికీ ఒకటి కాదని తెలిశాక ‘ఎందుకు?’ అని అడగక తప్పదు. సంభాషణ అక్కడ మొదలవుతుంది.

మీరు కూడా ఇల్లు, సెలవు, మర్యాద, డబ్బు అనే నాలుగు మాటలతో ప్రయత్నించండి. ఒకరు రాసినది మరొకరు చూడకుండా మూడేసి మాటలు రాసుకొని, తరువాత చదువుకోండి. ఏది సరైనదని వాదించకుండా, ఆ మాట మీకు ఏ సందర్భాన్ని గుర్తుచేసిందని అడగండి. ‘మర్యాద’ దగ్గర చాలా విషయాలు బయటపడతాయి. మనం దగ్గరివారికి మాటిమాటికీ ధన్యవాదాలు చెప్పం, చెబితే దూరం పెట్టినట్టు ఉంటుంది. అదే అలవాటుతో ఇంగ్లీషులో రాసిన సందేశం వారికి ఆజ్ఞలా వినిపించవచ్చు. మీరు పంపినదాన్ని ఒకసారి ఈ దృష్టితో చదవండి.

మీ ఉత్తరంలో ఒక వాక్యం నన్ను ఆపింది: ‘మా జట్టులో మేము ఇద్దరం, వారు ఇద్దరు.’ జట్టు ఒకటే అయినప్పుడు అది ‘మనం నలుగురం’ కావాలి కదా! ఎదుటివారిని కలుపుకొంటే ‘మనం’, కలుపుకోకపోతే ‘మేము’ అనే ఈ తేడా ఇంగ్లీషులో లేదు, రెండింటికీ అక్కడ ఒకే పదం. దీన్ని వారికి వివరించండి. మీ తడబాటు ఇంగ్లీషులోనే వివరించండి, వారు ఆసక్తిగా వింటారని నా నమ్మకం.

కలిసి టీ తాగడానికి తెర సాటి అని నేను అనను. ఆరు వారాలలో స్నేహం కుదరకపోవచ్చు కూడా. అయినా ఒక పదాన్ని మరొకరి కళ్లతో చూడగలిగితే ఆ చదువు వచ్చినట్టే.

ప్రశ్న: ఇలాంటి తరగతులన్నీ ఇంగ్లీషులోనే జరుగుతున్నాయి. తెలుగుకు చోటు ఉంటుందా?
- ఒక అధ్యాపకుడు, వరంగల్

జవాబు: తప్పక ఉంటుంది. బ్రెజిల్‌లోని సావో పాలో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో 2006లో మొదలైన ‘టెలిటాండెమ్’ పద్ధతిలో జంటగా కూర్చున్న ఇద్దరు విద్యార్థులు సగం సమయం ఒకరి భాషలో, సగం సమయం మరొకరి భాషలో మాట్లాడుకుంటారు. రెండు భాషలనూ కలపరు. ఇందులో ఒక న్యాయం ఉంది: మొదటి సగంలో తడబడినవాడే రెండవ సగంలో గురువవుతాడు. అమెరికాలో మాడిసన్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల తెలుగు నేర్చుకుంటున్నవారు ఉన్నారు. మాట్లాడేవారి కోసం వెతికే అలాంటి విద్యార్థులతో మీ విద్యార్థులను జత చేయవచ్చు. ఒక్క జాగ్రత్త తీసుకోండి. ఎదుటివారు మాట్లాడుతుండగా తప్పులు దిద్దవద్దని, కాగితం మీద రాసుకొని చివరి పది నిమిషాలలో చెప్పాలని మీ పిల్లలకు ముందే నేర్పండి.