స్వింగ్ వద్దు, బంతి ఎగిరే ఎత్తు కొలువు

తమ్ముడూ, తొమ్మిదో క్లాస్ ప్రాజెక్టుకి క్రికెట్ బంతి స్వింగ్ మీద ప్రయోగం చేస్తానన్నావు, వారమే టైముందన్నావు. ఐడియా బాగుంది కానీ విండ్ టన్నెల్ (వస్తువు మీదికి గాలిని కావలసిన వేగంతో వదిలి పరీక్షించే గొట్టం లాంటి గది) లేకుండా స్వింగ్‌ని నమ్మకంగా కొలవడం కష్టం, ఊరికే టెన్షన్.

దానికి బదులు టెన్నిస్ బంతి తీసుకో. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం మామూలు బంతిని 254 సెం.మీ. ఎత్తు నుంచి గట్టి నేల మీద వదిలితే 135 నుంచి 147 సెం.మీ. దాకా ఎగరాలి, అంటే పోల్చుకోవడానికి నీకు అసలు లెక్క రెడీగా ఉన్నట్టే. ఎగిరిన ఎత్తుని వదిలిన ఎత్తుతో భాగించి వర్గమూలం తీస్తే ప్రత్యావస్థాన గుణకం (నేలని తాకాక బంతి వేగం, తాకే ముందు వేగంలో ఎన్నో వంతో చెప్పే సంఖ్య) వస్తుంది, ఇక్కడ సుమారు 0.73 నుంచి 0.76.

గోడకి టేపు అంటించి, ఫోన్‌ని బంతి ఎగిరే ఎత్తుకి సమానంగా పెట్టి స్లో మోషన్‌లో తియ్యి, కింద నుంచి పైకి చూస్తూ తీస్తే రీడింగ్ తప్పుతుంది. కొలిచేది ఎప్పుడూ బంతి అడుగు భాగమే. వేర్వేరు ఎత్తుల నుంచి, ఒక్కో ఎత్తుకి ఐదుసార్లు వదిలి సగటు తియ్యి.

మార్కులు కావాలంటే అదే బంతిని రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, బయటికి తియ్యగానే వదులు, ఎత్తు తగ్గుతుంది: చల్లబడితే లోపలి గాలి పీడనం తగ్గుతుంది, రబ్బరు కూడా గట్టిపడి ఎక్కువ శక్తిని వేడిగా పోగొడుతుంది. గ్రాఫ్ చేత్తోనే గియ్యి, మాస్టారు అడిగితే చెప్పగలుగుతావు.