మాల్ సినిమాలో పనివాళ్లని లెక్కపెట్టు

అమ్మాయీ,

అమెరికన్ టీనేజ్ సినిమాల్లో మాల్ గురించి నువ్వు పంపిన వ్యాసం చదివాను. మొదటి పేరా నిండా ‘వినిమయ సంస్కృతి’. కొట్టెయ్. ఆ మాట పడ్డాక ఇంక సినిమా చూడకపోయినా వ్యాసం నడిచిపోతుంది, చిక్కంతా అదే.

1982 నాటి ‘ఫాస్ట్ టైమ్స్ ఎట్ రిడ్జ్‌మాంట్ హై’ ఒక్కటే పట్టుకో. మాల్ సీన్లన్నీ సౌండ్ తీసేసి చూడు. కాగితం మీద మూడు గళ్లు గీసుకో: కొనేవాళ్లు, అమ్మేవాళ్లు, ఊరికే తిరిగేవాళ్లు. ముఖ్యపాత్రలు ఎక్కువగా రెండో గడిలోనే పడతాయి. పదిహేనేళ్ల స్టేసీ పిజ్జా కొట్లో వడ్డిస్తుంది. రాట్నర్‌ది అదే మాల్ సినిమా హాల్లో ఉద్యోగం. డామోన్ బ్లాకులో టికెట్లు అమ్ముతాడు (ఇతన్ని మనవాళ్లు ఇట్టే గుర్తుపడతారు!). అప్పటి ఫెడరల్ కనీస వేతనం గంటకు 3.35 డాలర్లు. నాలుగు గంటలు నిలబడితే 13.40, అదీ పన్ను కోయకముందు. తెర మీద ఏ వస్తువు కనిపించినా ఎన్ని గంటల కూలీయో వేసి చూడు.

తర్వాత అదే దర్శకురాలు ఎమీ హెకర్లింగ్ 1995లో తీసిన ‘క్లూలెస్’ పెట్టుకో. బెవర్లీ హిల్స్ లాయరుగారమ్మాయి షేర్ మనసు కుదుటపరచుకోడానికి మాల్‌కి వెళ్తుంది. రెండో గడి దాదాపు ఖాళీ. నీ వ్యాసం ఈ తేడాలో ఉంది.

పాత్రలు మాటిమాటికీ ఎదురుపడటం కథకుడి బద్ధకం అని రాశావు. కాదు. 1956లో మిన్నెసోటాలో ఆర్కిటెక్ట్ విక్టర్ గ్రూయెన్ కట్టిన సౌత్‌డేల్ మాల్ నుంచీ పెద్ద దుకాణాలను దూరదూరంగా పెట్టేది జనం చిన్న కొట్ల ముందు నుంచి నడవాలనే. ఎదురుపడక తప్పదు.

‘పెద్దల కన్నుగప్పిన స్వేచ్ఛ’ అన్నచోట ఏ సంవత్సరం మాటో రాయి, ఆ స్వేచ్ఛ అన్నిచోట్లా అలాగే ఉండిపోలేదు. 1996లో మాల్ ఆఫ్ అమెరికా శుక్ర, శనివారాల సాయంత్రం ఆరు దాటాక పదహారేళ్లు నిండనివాళ్లు 21 ఏళ్లు దాటిన తోడుతోనే ఉండాలంది.

ఇంకొకటి. ‘ఫాస్ట్ టైమ్స్’ మాల్‌కి తెరమీది పేరూ అసలు పేరూ కలిపేశావు. కథలో అది రిడ్జ్‌మాంట్ మాల్, తీసింది లాస్ ఏంజెలెస్‌లోని షెర్మన్ ఓక్స్ గ్యాలరియాలో. సరిచేసి పంపు.