రాత్రి రెండు గంటలకు పనికివచ్చే బండినే కొనండి

‘నల్లగొండలో ఉంటాం, నేనూ నా భార్యా ఇద్దరమే, వచ్చే ఏడాది రిటైర్మెంటు, దేశం తిరగడానికి చిన్న మోటార్‌హోమ్, అదే లోపల ఇల్లులా కట్టిన బండి, కొనాలనుకుంటున్నాం, అయిదు మీటర్లదా, ఆరు మీటర్లదా, ఏ కంపెనీది మంచిది’ అని అడిగారు. పొడవు, కంపెనీ తరువాత చూసుకోవచ్చు. మీ ఇద్దరి మోకాళ్లు ఎలా ఉన్నాయి? రాత్రి ఎన్నిసార్లు లేస్తారు? ఇద్దరిలో షుగరు ఎవరికి ఉంది? ముందు ఇవి తేల్చుకోండి. ఏ బండి కొనాలో సగం అక్కడే తెలిసిపోతుంది.

నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మావారు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేశారు. మేం బండి కొనాలనుకున్నప్పుడు ఇంజిను, గేరుబాక్సు, కమాను పట్టీలు ఆయన చూసుకున్నారు. లోపలి సంగతులు నేను చూశాను. ఈ విషయంలో మగవాళ్లు ఇంజిను దగ్గరే ఆగిపోతారని నా గట్టి అభిప్రాయం. అమ్మేవాళ్లు కూడా ఇంజిను అయ్యాక రంగురంగుల దీపాలు, గోడకు బిగించిన టీవీ, బయటకు లాగితే గొడుగులా తెరుచుకునే పందిరి చూపిస్తారు. అవన్నీ పగటి ముచ్చట్లు. పగలు మనం బండిలో ఎందుకు కూర్చుంటాం? గుడిలోనో, డ్యాం దగ్గరో, చుట్టాల ఇంట్లోనో ఉంటాం. ఆ బండి మనకు ఇల్లు అయ్యేది రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఆరు దాకా. కొనేవాళ్లు తూకం వేయవలసింది ఆ పది గంటలనే.

నాకు ఇది మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర బాగా తెలిసివచ్చింది. కొనే ముందు ఒకసారి వాడి చూద్దామని ఒక ఏప్రిల్‌లో అద్దె బండి తీసుకుని శ్రీశైలం బయలుదేరాం. ఫోర్స్ ట్రావెలర్ వ్యాను మీద కట్టిన పెద్ద బండి. డ్రైవరు కుర్రాడు కూడా దానితోనే వచ్చాడు. దేవరకొండ దాటాక ఒక లారీ రోడ్డుకు అడ్డంగా ఆగిపోయింది. అది కదిలేదాకా అటువాళ్లు ఇటు రాలేదు, ఇటువాళ్లు అటు పోలేదు. డిండి దాటేసరికే చీకటి పడింది. హాజీపూర్ చౌరస్తాలో టీ తాగి మన్ననూరు చేరేసరికి గేటు వేసేశారు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా వెళ్లే ఆ రోడ్డు మీద రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లను వదలరు. అది ఎంతో మంచి నిబంధన. అడవి రాత్రిపూట జంతువులదే, అక్కడ మన తొందర చెల్లకూడదు. కార్లలో వచ్చినవాళ్లు గదులు వెతుక్కుంటూ అచ్చంపేట వైపు తిరిగి వెళ్లారు. మాకు ఇల్లు వెంటే ఉంది కనుక మూసి ఉన్న హోటలు పక్కన బండి ఆపుకున్నాం.

మంచం బండి వెనక భాగంలో అడ్డంగా వేసి ఉంది. లోపలి వైపు నేను, అంచు వైపు మావారు. నేను లేవాలంటే ఆయన కాళ్ల మీదుగా దాటాలి. ఆయనకు నిద్రాభంగం, నాకు మోకాళ్ల నొప్పి. బాత్‌రూమ్ తలుపు లోపలికి తెరుచుకుంటుంది. ముందు వెళ్లి కమోడ్ మీద కూర్చుంటే తప్ప ఆ తలుపు మూసుకోదు, మూశాక మోకాళ్లు తలుపుకు తగులుతాయి. లేచేటప్పుడు పట్టుకోవడానికి గోడకు ఒక్క పిడి లేదు. వాష్‌బేసిన్ కుళాయి పట్టుకుంటే అది చేతిలో గిర్రున తిరిగింది. పైగా మాకూ ఆ డ్రైవరుకూ మధ్య అడ్డం ఒక పరదా మాత్రమే. సీటు వాల్చుకుని అతను అక్కడే పడుకున్నాడు. పాపం, అతని తప్పేమీ లేదు. కానీ చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దంలో ఒక ఆడమనిషి ఆ బాత్‌రూమ్ ఎలా వాడుతుంది? కిందికి దిగుదామంటే మెట్టు నా పిక్క సగం ఎత్తున ఉంది, బయట చిమ్మచీకటి. బిగబట్టుకుని కూర్చున్నాను.

రెండు గంటల ప్రాంతంలో ఫ్యాను ఆగిపోయింది. డిండి నుంచి వేసి ఉంచిన ఏసీ బ్యాటరీని పీల్చేసింది. ఫ్యానుతో పాటు ఫ్రిజ్ కూడా ఆగింది, మావారి ఇన్సులిన్ అందులోనే ఉంది. ఇంకా తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడకంలో ఉన్న పెన్ను 30 డిగ్రీల లోపు ఉంటే చాలా రకాలకు నాలుగు వారాల దాకా పనిచేస్తుంది. తలుపులు మూసి ఎండలో నిలబెట్టిన బండిలో మాత్రం అది కొద్ది గంటల్లోనే పాడవుతుంది. నా దగ్గర మంచినీళ్ల కోసం తెచ్చిన మట్టి కుండ ఉంది. మందును మూత గట్టిగా పట్టే చిన్న స్టీలు డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను కుండలో ఉంచి, కుండకు తడి గుడ్డ చుట్టాను. తెల్లవారేదాకా ఆ గుడ్డ ఆరిపోకుండా నీళ్లు చల్లుతూ కూర్చున్నాను. ఆరింటికి గేటు తీశారు. వటవర్లపల్లి దాటేదాకా నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

శ్రీశైలంలో దర్శనం అయ్యాక మావారు నన్ను ఒక్కొక్కటీ అడిగి కాగితం మీద రాసుకున్నారు. మేం బండి కొన్నది ఆ కాగితం పట్టుకునే. మీకూ అదే చెబుతున్నాను.

మొదటిది మెట్టు. వెనక చక్రాలకు శక్తి వెళ్లే బండ్లలో నేల కింద పొడవాటి షాఫ్టు ఉంటుంది కాబట్టి నేల ఎత్తు పెరుగుతుంది. టాటా వింగర్ వ్యానులో ముందు చక్రాలే బండిని లాగుతాయి, అందుకే నేల కిందికి ఉంటుంది. మావారు ట్రావెలర్ ఇంజిను గట్టిదని ఇప్పటికీ అంటారు. అనుకోనివ్వండి. అరవై దాటిన మోకాళ్లకు మెట్టే ముఖ్యమని నేను వింగరే కావాలన్నాను. అయిదున్నర మీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉండే, పైకప్పు ఎత్తుగా ఉన్న హైరూఫ్ రకం. లోపల నిలబడి చీర కట్టుకోగలను. మారుతీ ఈకో చవక, సందుల్లో తిరగడానికి హాయి, కానీ అందులో నిలబడలేరు. నడుం వంచి బట్టలు మార్చుకోవడం యువకులకు సరదాగా ఉంటుందేమో, మన వయసులో మూడో రోజుకే నడుం పట్టేస్తుంది. పికప్ ట్రక్కుల మీద కట్టినవాటిలో చాలావరకు డ్రైవరు క్యాబిన్ వేరు, ఇల్లు వేరు. ముందు నుంచి వెనక్కి రావాలంటే వానలోనైనా కిందికి దిగాలి. మనకు అది వద్దే వద్దు.

మంచం అడ్డంగా వద్దు. రెండు పక్కలా పొడవుగా రెండు మంచాలు, మధ్యలో నడవడానికి దారి. ఎవరు ఎప్పుడు లేచినా రెండోవారికి నిద్ర చెడదు. వింగర్ వెడల్పు బయటి కొలతకే ఆరడుగుల పైచిలుకు, లోపల రేకు, దూది, చెక్క పోను మిగిలే జాగాలో అడ్డంగా కాళ్లు చాపుకోవడం కుదరదు కూడా.

బాత్‌రూమ్ తలుపు బయటకు తెరుచుకోవాలి, లేదా పక్కకు జరగాలి. గోడకు రెండు గట్టి పిడులు పెట్టించండి. ప్రోస్టేట్ ఉన్నవారు, ఒంట్లో నీరు తగ్గించే మాత్రలు వేసుకునేవారు రాత్రి ఎన్నిసార్లు లేస్తారో నేను వార్డుల్లో ఏళ్ల తరబడి చూశాను. పెద్దవాళ్లు ఆ వేళలో జారిపడే ప్రమాదం ఉంది. కింద పెట్టె లాగి ఖాళీ చేసే క్యాసెట్ టాయిలెట్‌లో ఇరవై లీటర్ల దాకా పడుతుంది, ఇద్దరికి రెండు మూడు రోజులు వస్తుంది. దాన్ని మామూలు టాయిలెట్‌లోనే పారబోయాలి. రోడ్డు పక్కన, చెరువు గట్టున గుమ్మరించి వెళ్లేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇక హైవేల మీద ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి దొరకడం ఎంత కష్టమో మీ ఆవిడను అడగండి. ఇంత పెద్ద రోడ్లు వేశారు, టోలు వసూలు చేస్తున్నారు, ఒక్క తలుపుకు సరైన గడియ ఉండదు. నన్ను అడిగితే ఇలాంటి బండి కొనడానికి అది ఒక్కటే చాలినంత కారణం.

కరెంటు లెక్క మీరే వేసుకోండి, అమ్మేవాళ్ల మాట మీద ఆధారపడకండి. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లెడ్ బ్యాటరీలో 1.8 యూనిట్లు ఉంటాయి. సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి చేతికి వచ్చేది ఒక యూనిట్ కూడా కాదు. టన్ను ఏసీ గంటకు దాదాపు ఒక యూనిట్ లాగుతుంది. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకం ఫ్యాను 30 వాట్లే, రాత్రి పది గంటలు తిరిగినా 0.3 యూనిట్‌తో సరిపెడుతుంది. లిథియం బ్యాటరీ అయితే నూటికి తొంభై వంతుల దాకా వాడుకోవచ్చు, ఖరీదు ఎక్కువైనా డబ్బు అక్కడ పెట్టండి. ఏసీని బయటి కరెంటు దొరికినప్పుడే వేయండి. మే నెలలో మన నల్లగొండలో 45 డిగ్రీలు కాస్తుంది, ఆ నెలలో మైదానాల్లో తిరగాలని ఎందుకు? దసరా నుంచి శివరాత్రి దాకా మనకు కాలం అనుకూలం.

నీళ్ల గురించి మాత్రం కాస్త ఎక్కువే చెప్పాలి. నేను మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో పనిచేశాను. ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంకర తిరిగిన ఎముకలను, ముప్పై ఏళ్లకే కర్ర పట్టిన మనుషులను ఈ చేతులతో పట్టుకుని మంచం మీద పడుకోబెట్టాను. అందుకే దారిలో బోరు కనిపించగానే ట్యాంకు నింపుకుని అవే నీళ్లు కాచి తాగుతామనేవాళ్లను చూస్తే ఊరుకోలేను. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఇగిరిన కొద్దీ దాని శాతం పెరుగుతుంది కూడా. తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం. రంగు, రుచి, వాసన చూసి దాన్ని ఎవరూ పసిగట్టలేరు. బండిలో ఆర్వో ఫిల్టరు పెట్టుకోవచ్చు గానీ అది తాగే నీళ్ల కన్నా పారబోసే నీళ్లే ఎక్కువ ఇస్తుంది, మోసుకెళ్లేది వంద లీటర్లయినప్పుడు అది దండగ. మేం ట్యాంకు నీళ్లు ఒళ్లు కడుక్కోవడానికి, గిన్నెలకు మాత్రమే వాడతాం. తాగడానికి, వంటకు ఇరవై లీటర్ల క్యాన్లు విడిగా ఉంటాయి. వాటిని ఇంటి దగ్గర మిషన్ భగీరథ కుళాయి నీళ్లతో నింపుకుని బయలుదేరతాం. లీటరు నీళ్లు కిలో బరువు, వంద లీటర్ల ట్యాంకు అంటే అదనంగా ఇద్దరు మనుషులు ఎక్కినట్లే. అందుకని ట్యాంకును నేల దగ్గర, రెండు ఇరుసుల మధ్య పెట్టించాలని మావారు పట్టుపట్టారు.

పాత వ్యాను కొని మెకానిక్ షెడ్డులో చవకగా మార్పించుకోమని మీకు ఎవరో ఒకరు చెబుతారు. వినకండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి స్వరూపాన్ని ఇష్టం వచ్చినట్లు మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో అదే గట్టిగా చెప్పింది. ఇలాంటి ఇల్లు కట్టిన బండ్లకు, అంటే మోటార్ క్యారవాన్లకు, ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం అనుమతి పొందినవాళ్ల దగ్గరే కొనండి, ఆర్సీలో క్యారవాన్ అని నమోదైందో లేదో చూసుకోండి. ప్రమాదం జరిగినప్పుడు బీమావాళ్లు మొదట తిరగేసేది ఆ కాగితమే.

బండి ఎత్తును పైన బిగించే ఏసీ, సోలార్ పలకలతో కలిపి కొలవండి. మన బీబీనగర్–నడికుడి లైను కింద ఎన్ని చిన్న వంతెనలు ఉన్నాయో మీకు తెలుసు. పల్లెలకు వెళ్లే దారుల్లో ఎత్తు బండ్లను ఆపే అడ్డ గడ్డరు తగిలితే వెనక్కి తిప్పుకోవడానికి కూడా చోటుండదు. వానాకాలంలో ఆ వంతెనల కింద నీళ్లు నిండితే లోతు చూడడానికి బండిని దించకండి. పొడవు గురించి అడిగారు కదా, మీ సొంత ఊరి సందులో తిరగగలిగినంత పొడవు చాలు.

చివరగా, మీరు అడగకపోయినా చెబుతున్నాను. మీ ఆవిడకు డ్రైవింగ్ నేర్పించి లైసెన్సు ఇప్పించండి. 7,500 కిలోల లోపు బండ్లకు మామూలు ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు చాలు, మనం చెప్పుకుంటున్నవి ఆ లోపలే వస్తాయి. 55 ఏళ్లు దాటాక అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి, వైద్య ధ్రువపత్రం కావాలి. నల్లమలలో చాలాచోట్ల ఫోను సిగ్నల్ ఉండదు. అక్కడ మీకు గుండె నొప్పి వచ్చినా, షుగరు పడిపోయినా పక్కన కూర్చున్న మనిషి బండిని ఆసుపత్రి దాకా తేగలగాలి. నేను ఉద్యోగంలో ఉండగానే కారు నేర్చుకున్నాను, ఇప్పుడు మా వింగర్‌ను సగం దూరం నేనే నడుపుతాను. షోరూముకు వెళ్లినప్పుడు మీరు ఎక్కేముందు ఆమెను స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టండి. ఆమె కాలు క్లచ్‌కు పూర్తిగా అందకపోతే ఆ బండి ఎంత మంచిదైనా వదిలేసి ఇంకొకటి చూడండి.